ఉప్పు ఇసుకలో ముల్లు

నేను ఒక తేమ మీటరును. గులాబీ కుండీల కోసం పుట్టినదాన్ని. అడుగున జానెడు ఇనుప పుల్ల, పైన గుండ్రటి ముఖం, అందులో ఎరుపు నుంచి నీలానికి ఊగే ఒక ముల్లు. ఎరుపంటే పొడి, నీలమంటే తడి. ఉప్పు నేలలో పనిచేయదని నా అట్టపెట్టె మీద రాసే ఉంది. మనుషులకు పెట్టె చింపడం వచ్చు, చదవడం రాదు. వాళ్ళంటేనే నాకు ఒళ్ళు మంట.

కడియం నర్సరీలో నన్ను కొన్నవాడు గిరిధర్. శ్రీకాకుళం తీరంలో సముద్రపు తాబేళ్ళ గుడ్లు పొదిగించే కేంద్రానికి కొత్త సూపర్‌వైజరు. ఒడ్డున తాబేళ్ళు పెట్టిన గుడ్లను నక్కలు తినేయకుండా ఏరి తెచ్చి, కంచె లోపల మూరెడు లోతు గుంటల్లో పూడుస్తారు. ఆ ఇసుక ఎండితే గుడ్డు సొట్టపడి లోపలి పిల్ల చస్తుంది. నీరు ఎక్కువైతే ఊపిరాడక చస్తుంది. అక్కడ పదకొండేళ్ళుగా కూలికి చేస్తున్న సూరాడ పోలమ్మకు ఇది తెలుసు. గుంట పక్కన ఇసుక తీసి పిడికిట్లో నొక్కుతుంది. ముద్ద నిలిస్తే సరే, రాలిపోతే బిందె ఎత్తుతుంది.

గిరిధర్ వస్తూనే నన్ను కసుక్కున గుచ్చాడు. ఉప్పు తగలగానే నా ముల్లు నీలానికి ఎగిరి కూర్చుంది.

"ఇంత తడుంటే మళ్ళీ నీళ్ళెందుకు పోలమ్మా? గుడ్లు కుళ్ళిపోవూ?"

"తడేటండి బాబూ! పిడికిట్లో ఇసక నిలబడ్నేదు. పిల్లలు సచ్చిపోతాయి, నా మాటినండి."

"మీటరు అబద్ధం చెబుతుందా?"

చెబుతుందిరా మొద్దూ! కానీ అరవడానికి నాకు నోరేది? ఆమె తన మాట వినడం లేదని మంచినీళ్ళ డ్రమ్ముకు తాళం కూడా వేశాడు. రోజూ పొద్దున్నే పదమూడు గుంటల్లోనూ నన్ను పొడిచి, "తడి" అని రిజిస్టరులో రాసుకుని, ఈల వేసుకుంటూ పోయేవాడు. ఆ ఈల వింటే, కాలే లేని నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పిల్లలు బయటికి రావాల్సిన యాభై ఐదు రోజులు దాటినా మొదటి గుంటలో కదలిక లేదు. పోలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వింది. నూట తొమ్మిది గుడ్లు, అన్నీ సొట్టలే. ఒకటి చించి చూపించింది. కాళ్ళూ డిప్పా అన్నీ వచ్చిన పిల్ల, పెంకుకు అతుక్కుని ఎండిపోయి ఉంది.

"ఇప్పుడు గుచ్చండి బాబూ మీ పుల్ల, దీంట్లో," అంది.

గిరిధర్ ముఖం పాలిపోయింది. అయినా నన్ను తుడిచి జేబులో పెట్టుకుంటూ, "మిగతా పన్నెండు గుంటల్నీ రేపట్నుంచి రోజుకు రెండుసార్లు చెక్ చేద్దాం," అన్నాడు.

పోలమ్మ లేచింది. ఆయన జేబులోంచి నన్ను లాగి, మోకాలికేసి విరిచి, కంచె అవతలికి విసిరేసింది. "తాళం ఇటియ్యండి," అని చెయ్యి చాపింది. ఇచ్చాడు.

ఇప్పుడు నేను తెగిన వలలు, చిప్సు కవర్ల మధ్య పడి ఉన్నాను. కంచె లోపల బిందె ముంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. నన్ను చేతబట్టిన మనుషుల్లో సరిగ్గా వాడింది ఆమె ఒక్కతే.