ఖాళీ దవడల చప్పుడు

గాజుబల్ల మీద బూడిదరంగు బురద. ఆ బురదలో అతని కుడిచేతి వేళ్ళు ఎనిమిది అంకె చుడుతూనే ఉన్నాయి. వేళ్ళ కింద చిన్న గాజుబిళ్ళ, దానికి అంటించిన గ్రానైట్ పలుకు. భూమి మీద గడ్డిపరకైనా పుట్టకముందే గట్టిపడిన రాయిట అది. దాన్ని వెలుతురు అవతలికి దిగేంత పలచగా అరగదియ్యాలి. రాళ్ళని పరీక్షించే ఈ ల్యాబులో ఇదీ అతని ఉద్యోగం. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాడికి ఇంతకన్నా ఏం ఇస్తారు గనక!

రాళ్ళతోపాటు వేళ్ళూ అరిగాయి. గేటు దగ్గరి హాజరు మిషను అతని బొటనవేలిని గుర్తుపట్టడం మానేసింది. "చదువు రానివాణ్ణి వేలిముద్రగాడంటారు. నీకు ఆ ముద్ర కూడా లేదు కదరా బామ్మర్దీ!" అని బావ పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు చివర ఈమధ్య దగ్గు వచ్చి చేరింది.

బావ పని పక్కగదిలో. ఒకే రాయిలో సగం ఇక్కడ పలక అవుతుంది, సగం అక్కడ పిండి అవుతుంది. ఇనప దవడల మిషను రాయిని నమిలి ఉమ్మేస్తే, బావ దాన్ని మెత్తగా పొడిచేసి, జల్లించి, ఏ ధాతువు ఎంతుందో తేల్చే రసాయనాల గదికి పంపుతాడు. ఇతనిది తడి పని, బావది పొడి పని. తేడా అంతే అనుకున్నాడు ఇవాళ తెల్లారేదాకా.

తెల్లారకుండానే అక్క వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"రాత్రి దగ్గితే తువ్వాలంతా నెత్తురేరా. ఊపిరితిత్తుల్లో సిలికా పేరుకుందని డాక్టరు ఎప్పుడో చెప్పాట్ట. నా దగ్గర దాచాడు, మహానుభావుడు!"

"ఇవాళ్టికి పోవద్దనకపోయావా?"

"అంటే విన్నాడా? కాళ్ళావేళ్ళా పడి ఆ గదిలో పెట్టించింది నువ్వేగా. నువ్వే బయటికి లాక్కురా."

సిలికా! గ్రానైట్‌లో ముప్పాతిక వంతు దాకా అదేనని, క్వార్ట్జ్ అంటే అచ్చంగా అదేనని, ఫెల్‌స్పార్‌లోనూ అభ్రకంలోనూ వేరే సరుకుతో పెనవేసుకుని ఉండేదీ అదేనని, కొత్తగా చేరినవాళ్ళకి ల్యాబు నడిపే మేడం చెబుతుంటే లెక్కలేనన్నిసార్లు విన్నాడు. రాతిలో ఉండాల్సిన మాట అక్క నోట్లోకి ఎలా వచ్చింది? బావ గుండెల్లోకి ఎలా దిగింది?

టీ వేళకి ఒక గ్లాసు పట్టుకుని పక్కగదికి వెళ్ళాడు.

"బావా, అక్క చెప్పింది."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా!"

"మేడంని అడుగుతా. స్టోరుకి మార్పిస్తా."

"అడుగు. ముందు ఆ పలక బాగా రానీ. మనసు బాగున్నప్పుడు అడిగితేనే పనవుతుంది. ఆ టీ మీద మూత పెట్టరా, దుమ్ము పడుతుంది."

టీలో దుమ్ము పడకూడదు మహారాజుకి! ముక్కుకి కట్టుకోమని ఇచ్చిన గుడ్డ మాత్రం మేకుకి వేలాడుతోంది, కొన్ననాటి తెల్లదనంతో. "అది కట్టుకుంటే ఊపిరాడదురా" అంటాడు.

అతను మూత పెట్టి, గ్లాసు కిటికీలో ఉంచి వచ్చేశాడు. అప్పటికే మేడం అతని బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఆ రాయిలో ఇదే ఆఖరి ముక్క. ఒక్క పిసరు ఎక్కువ అరిగినా మనకి మిగిలేది ఉత్త గాజే."

బిళ్ళ కడిగి మైక్రోస్కోపు కింద పెట్టాడు. క్వార్ట్జ్ ఇంకా పసుపుగానే ఉంది. ఆ పసుపు పోయి తెల్లబూడిద రంగు వస్తే మందం కుదిరినట్టు. వచ్చిన క్షణాన ఆపాలి. మళ్ళీ బల్ల మీద వేళ్ళు తిరగసాగాయి.

అప్పుడే పక్కగదిలో చప్పుడు మారింది. రాయి పడుతుంటే ఆ మిషను పటపటా నమలాలి. ఇప్పుడు పళ్ళూడిన ముసలిది ఊరికే దవడలాడిస్తున్నట్టుంది. టీ తాగుతున్నాడు గాబోలు అనుకున్నాడు. లేచి చూద్దామనీ అనిపించింది. చెయ్యి చల్లారితే అంచనా తప్పుతుంది. తప్పితే మేడం మొహం మాడుతుంది. బావ ఆ గదిలోనే ఉండిపోతాడు. వేళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఖాళీ దవడలు ఆడుతూనే ఉన్నాయి.

పలక కుదిరింది. మేడం కన్ను ఆనించి "అబ్బ!" అంది. "అభ్రకం మధ్యలో నల్లటి మచ్చ, దాని నడుమ ఆ జిర్కాన్ నలుసు చూడు. రాయి వయసు చెప్పేది అదే. ఎక్కడా చెక్కుచెదరలేదు!"

"మేడం, మా బావకి ఒంట్లో బాగాలేదు. స్టోరుకి మారిస్తే..."

"అంతేనా? రేపట్నుంచే మార్చేద్దాం. ముందే అడగొచ్చు కదయ్యా!"

అంతేనా! అతను తడిచేతులతోనే పరుగెత్తాడు.

బావ స్టూలు మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో ఇంకా నమలని గ్రానైట్ ముక్కలు. కనుబొమలు, మీసం, పెదాలు, అన్నీ పిండి రాసినట్టున్నాయి. అతను మిషను ఆపాడు.

"బావా, రేపట్నుంచి స్టోరే."

గది మొత్తం వింటున్నట్టే ఉంది. బావ కనురెప్పల మీది దుమ్ము కదల్లేదు.

గుమ్మంలోంచి మేడం ఏదో అడుగుతోంది, ఎవరినో కేకేస్తోంది. అతనికి ఏడుపు రాలేదు. కుడిచెయ్యి మాత్రం గాలిలో ఎనిమిది అంకె చుడుతోంది. దాన్ని ఆపడానికి ఎడంచేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

కిటికీలో తను పెట్టిన టీ గ్లాసు అలాగే ఉంది. మూత తీశాడు. మూత మీద తెల్లటి రాతిపిండి పల్చగా పరుచుకుని ఉంది. కింద టీ నిండుగా, చల్లగా, ఒక్క నలుసైనా పడకుండా ఉంది.