దగ్గకుండా పడుకోవడం

దారులు రెండే అన్నాడు డాక్టరు. నోట్లోంచి గొట్టం దింపి ఊపిరితిత్తిలోని మచ్చను అందుకుని పరీక్షకు ముక్క తీయడం ఒకటి. ప్రమాదం తక్కువే గానీ, మచ్చ అంచున ఉంది కాబట్టి అందకపోవచ్చు. వీపులోంచి సూది దించి ముక్క తీయడం రెండోది. గురి తప్పదు గానీ, మధ్యలో దగ్గితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. జబ్బు ఆ ఒక్కచోటే ఉంటే ఆపరేషన్‌తో తీసేయవచ్చు.

“చదువుకున్నదానివి, నువ్వే తేల్చమ్మా,” అన్నాడు తండ్రి. ఆయన దర్జీ. ఇంటిల్లిపాదిలో డిగ్రీ దాకా వెళ్ళింది కూతురొక్కతే. ఆమెకు అన్నం సయించలేదు. చివరికి సూదే అంది.

“ఇన్నేళ్ళు సూదితో బతికా. ఇప్పుడది నా మీదే తిరగబడిందన్నమాట!” నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గే ఆమె భయం.

రోజూ కొట్లో కత్తిరింపు బల్ల ఖాళీ చేసి, ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, వీపు మీద వేలు ఆనించేది.

“కదలకు నాన్నా. సూదిలో దారం ఎక్కిస్తున్నాననుకో.”

“దారం ఎక్కించేటప్పుడు వీపు మీద ఎవరే వేలు పెట్టేది?”

“మాట్లాడకు!”

మొదట్లో ఊపిరి బిగబట్టేలోపే దగ్గు తన్నుకొచ్చేది. ఒకరోజు చొక్కా కోసం వచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయి, “ఏమయ్యా, అమ్మాయి నీకే కొలతలు తీస్తోందా?” అన్నాడు. తండ్రి నవ్వలేదు, దగ్గలేదు. వేలి కింద వీపు రాయిలా నిలిచింది. గండం గడిచినట్టే అనుకుందామె.

కాలర్ ఒరుసుకుంటోందని ఆయన పై గుండీ పెట్టుకోవడం మానేశాడు. “అందరి చొక్కాలూ సరిచేస్తావు, నీది తప్ప,” అని విసుక్కుంది.

పరీక్ష రోజున డాక్టరు మెడ తడిమాడు. ఎడమవైపు మెడ మొదట్లో, ఎముక పైన వేళ్ళు ఆగాయి.

“ఈ గడ్డ ఎప్పటినుంచి?”

“గడ్డా? కాలర్ బిగుతనుకున్నా సార్.”

“అయితే వీపు జోలికి పోనక్కర్లేదు. ఇక్కడే సన్నసూదితో పరీక్షకు ముక్క తీస్తాం. రెండు నిమిషాల పని.”

తండ్రి మొహం వెలిగిపోయింది. ఆమె డాక్టరు వెనకే బయటికొచ్చింది.

“మరి ఆపరేషన్?”

“పరీక్షలో తేలాలి. కానీ మెడ దాకా పాకిందంటే ఆపరేషన్ మాట ఉండదమ్మా. మందులతో ఎన్నాళ్ళు నెట్టుకురాగలమో చూడాలి.”

కాసేపటికి తండ్రి మెడకు దూది అంటించుకుని వచ్చాడు. “చూశావా! గొట్టం లేదు, బోర్లా పడుకోవడం లేదు. చీమ కుట్టినట్టుంది, అంతే. ఉత్తపుణ్యానికి బల్ల అరగదీశాం!”

“అవును నాన్నా.”

“తేలిగ్గా తేలిపోయిందిగా, మొహం అలా పెట్టావేం?”

ఆయన చొక్కా సర్దబోయింది. పై గుండీ దగ్గర చేయి ఆగింది. ఆయనకు నేర్పినట్టే కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడింది.