రెండో సగం

"ఉల్లిపాయలు సన్నగా తరుగు జ్ఞానాంబా. కారం తగ్గించు. తెల్లోళ్ళు ఓర్చుకోలేరు," అన్నాడు మనోహరం, అద్దం ముందు టై సర్దుకుంటూ.

అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. అయినా మస్కట్‌లో ఓ తెలుగు యువజన సంఘానికి అతనే కార్యదర్శి. బట్టతల మీదికి నాలుగు వెంట్రుకలు దువ్వేసరికి యువకుడైపోయాడు. యూరప్ ప్రభుత్వాలు కొన్ని కలిసి యువజన సంఘాల కోసం నిధి ఒకటి పెట్టాయట. దేశదేశాల కుర్రకారు ఒకచోట చేరి మాట్లాడుకుంటే లోకం బాగుపడుతుందట. కబుర్లకు కూడా సొమ్మిచ్చే సర్కార్లుంటాయని జ్ఞానాంబకు ఇన్నాళ్ళూ తెలియదు. వచ్చే నెల ఆ సభ మస్కట్‌లోనే. ఏర్పాట్లు చూడడానికి నిధి తరఫున ఒక అమ్మాయి ఇవాళ భోజనానికి వస్తోంది. చర్చించే విషయం స్త్రీల సమానత్వం! ఈ డెబ్బై అయిదు అంతర్జాతీయ మహిళా సంవత్సరం కదా, ఆ మాట ఉంటే నిధి తొందరగా కదులుతుందని మనోహరం కనిపెట్టాడు.

ఇవాళే జ్ఞానాంబకు ఆసుపత్రిలో వార్డు సిస్టర్ పోస్టుకి ఇంటర్వ్యూ. "మళ్ళీ ఎప్పుడో పడుద్దిలే, సెలవు పెట్టెయ్," అన్నాడు నిన్న. ఆమె నర్సుద్యోగం కొంగు పట్టుకుని ఒమన్‌కి వచ్చిన మనిషే ఆ మాట అన్నాడు. "మొగుడికి పేరొస్తే నీక్కాదా?" అనేది కాకినాడలో అత్తగారు. పేరు అతనికి, అంట్లు తనకి. ఛీ, ఇదేం బతుకు అనుకుంటూనే వంజరం చేప ముక్కలు పెనం మీద వేసింది.

అంతలో నిధి తరఫు పిల్ల రానే వచ్చింది. ముందుగదిలో కూర్చుని ఇంగ్లీషులో అడుగుతోంది. "ఖర్చులో సగమే మేమిస్తాం. మిగతా సగం మీరెలా తెస్తారు?"

"వంట, వడ్డన, అతిథుల పక్కబట్టల ఉతుకు, అన్నీ మా స్వచ్ఛంద సేవ. అందరూ సంతోషంగా చేస్తారు," అన్నాడు మనోహరం.

అందరూనా! ఆ సంఘంలో గరిటె పట్టిన చెయ్యి ఇంకొకటుందా? అంటే యూరప్ సర్కార్లన్నీ కలిసి ఒక సగం, రెండో సగం జ్ఞానాంబ. ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెనకే రోత పుట్టింది.

చేతులు కడుక్కుని, ఇంటర్వ్యూకని తెల్ల యూనిఫాం తొడుక్కుని ముందుగదిలోకి వచ్చింది.

"ఏంటే ఈ వేషం? చేపలో?" అన్నాడు మనోహరం తెలుగులో, పళ్ళు బిగబట్టి.

"పొయ్యి మీదున్నాయి. తిప్పండి, మాడిపోతాయి."

ఆపైన ఆ పిల్ల వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "ఈయన చెప్పిన ఆ మిగతా సగం నేనేనమ్మా. నన్నెవరూ అడగలేదు. నేను ఇవ్వడం లేదు."