నలభై ఏడో నెంబరు బెల్టు

"నొప్పి ఇంకెంతున్నదవ్వా? రూపాయిల ఎంత?"

"చారాణ ఉన్నది కొడుకా" అని ఫోన్లో ఒక ముసలి పేషెంటు నుంచి వెంటనే జవాబొచ్చింది.

బాలమల్లు కాగితం మీద సున్నా నుంచి పది దాకా గీసిన గీతను చూశాడు. చారాణ అంటే పావలా, పదిలో రెండున్నర. రెండుకూ మూడుకూ నడుమ కాసేపు తటపటాయించి మూడు చుట్టూ సున్నా చుట్టాడు. నొప్పి పదిలో ఎంతో అడగమని పెద్ద డాక్టర్ల ఆజ్ఞ. పదిలో అడిగితే ఈ జిల్లాలో ముసలివాళ్లెవరూ చెప్పరు. "మస్తున్నది" అంటారు, లేకపోతే "అంతా వేములవాడ రాజన్న దయ" అంటారు. రూపాయిలో అడిగితే మాత్రం చారాణా, ఆఠాణా, బారాణా ఠక్కున తేల్చేస్తారు. ఈ కిటుకు కనిపెట్టింది బాలమల్లే. పరిశోధన నడిపే డాక్టర్ సృజనకు అది నచ్చి ఆ ఫైల్లో ఒక పేజీ చేర్చింది. ఆ పేజీలో అతని పేరు లేదు. ఉందేమోనని అతను వెతకనూ లేదు.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో మెట్ల కింది గది అతనిది. గదిలో కుట్టుమిషను, మందపాటి కాన్వాసు గుడ్డ చుట్ట, అల్యూమినియం పట్టీలు, గోడకు మేకు, మేకుకు కొలత టేపు. అంతకుముందు సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద పద్దెనిమిదేళ్లు నిలబడి పనిచేశాడు. మగ్గాల చప్పుడుకు కుడి చెవి మందగించింది, అందుకే ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికి పెడతాడు. ఇరవై రెండేళ్లుగా నడుము బెల్టులు కుడుతున్నాడు. ఎవరి నడుముకు తగ్గట్టు వారికి, లోపల మెత్తటి నూలు గుడ్డ అస్తరు వేసి మరీ కుడతాడు. బజార్లో దొరికే బెల్టు ఆరు నెలలకే జారిపోతుంది, తనది రెండేళ్లు బిగువు తగ్గదు అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతాడు. అతను గర్వపడే సంగతి ఇదొక్కటే.

రెండున్నరేళ్ల కిందట ఆసుపత్రిలో పరిశోధన మొదలైంది. పడిపోయి వెన్నుపూస నలిగినవాళ్లలో ఆపరేషన్ అవసరం లేనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు బెల్టు కడితే నిజంగా మేలుందా, లేక కట్టకపోయినా పూస దానంతటదే అతుక్కుంటుందా? తేల్చవలసింది ఇదే. తొంభై రెండు మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి ఒక అంటించిన కవరు. కవరు తెరిస్తే బెల్టు అని ఉంటుంది, లేదా వద్దు అని ఉంటుంది. రెండేళ్లపాటు వాళ్లకు ఫోన్ చేసి, ఇళ్లకు వెళ్లి, నొప్పి అడిగి, నడక చూసి రాసుకొచ్చే పని కూడా బాలమల్లుకే అప్పగించారు. ఊళ్లన్నీ తెలిసినవాడు, అబద్ధమాడడు అని డాక్టర్ సృజన నమ్మకం. బెల్టులు కుట్టేవాడినే బెల్టులు పనికొస్తాయో లేదో చూసి రమ్మనడం దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఆ మాట అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

నలభై ఏడో కవరు శంకరవ్వది. వేములవాడ మనిషి. డాబా మీద మిరపకాయలు ఎండబోసి మెట్లు దిగుతూ జారింది. అరవై మూడేళ్లు, చిన్న ఒళ్లు, మగ్గాలకు నూలు కండెలు చుట్టి చుట్టి అరిగిన బొటనవేళ్లు. కవరులో వద్దు అని వచ్చింది. ఆమె ఏడవలేదు, గొడవ పడలేదు. మూలన పేర్చి ఉన్న బెల్టుల వంక చూసి, "నా నెంబరే గిట్లొచ్చిందా తమ్మీ?" అంది, అంతే. ఆ రాత్రి బాలమల్లుకు అన్నం సయించలేదు. దగ్గర మందుండీ ఇవ్వనివాడి బాధ అది. నాలుగు రోజులకు సొంత గుడ్డతో, కంటికి గుర్తున్న కొలతతో ఒక బెల్టు కుట్టి, సంచిలో పెట్టుకుని వేములవాడ పోయి, "ఎవలకు చెప్పకక్కా" అని ఇచ్చి వచ్చాడు.

తర్వాత నాలుగుసార్లు వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ ఆమె చీర మీద ఆ బెల్టు బిగించుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. ప్రతిసారీ నిటారుగా నడిచి చూపించేది. ప్రతిసారీ అతను "బెల్టు వాడారా?" అన్న గడిలో "లేదు" అని రాశాడు.

ఈమధ్య లెక్కల సంగతి చూచాయగా చెవిన పడుతోంది. బెల్టు కట్టినవాళ్లకూ కట్టనివాళ్లకూ పెద్దగా తేడా కనబడటం లేదట. విన్నప్పటి నుంచి అతనికి మనసు మనసులో లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే అవమానంగా ఉంది. కట్టనివాళ్ల వరసలో అందరికంటే బాగా నడిచే మనిషి శంకరవ్వ, ఆమె నడుముకున్నది తన బెల్టు. ఆమె చివరి కాగితం రాసిన రోజే డాక్టరుకు నిజం చెప్పేయాలని అతను నిశ్చయించుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ, ఒక్క నెంబరైనా తన బెల్టు వైపుకు వస్తుంది.

ఆమె చివరి కాగితానికి గడువు ఈ రోజే. ఆమె ఫోన్ రెండు వారాలుగా కలవడం లేదు. ముందుగా చెప్పకుండా ఎవరింటికీ పోని మనిషి, టిఫిన్ డబ్బా గదిలోనే వదిలి బస్టాండుకు నడిచాడు.

సోమవారం. బస్సు నిండా రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకోబోయే జనం. పక్క సీటు ఆయన బాలమల్లు ఒళ్లోని సంచి చూసి, "మొక్కున్నదా?" అని అడిగాడు. "డ్యూటీ" అన్నాడు బాలమల్లు. దారి పొడుగునా డాక్టరుతో అనవలసిన మాటలు లోలోపల కూర్చుకున్నాడు. మొదటి మాట కుదిరితే రెండోది కుదరలేదు.

శంకరవ్వ ఇంటి ముందు గుమ్మంలో ఎవరూ లేరు. కోడలు వనజ వాకిట్లో గిన్నెలు తోముతోంది. అతన్ని చూసి చేతులు కడుక్కుని లేచి, కొంగు సర్దుకుంది.

"అక్క లేదా బిడ్డా?"

"నీకు ఎరుక లేదా మామా? అత్తమ్మ పోయింది. ఇయ్యాలటికి పదహారు దినాలు."

బాలమల్లు అరుగు మీద కూర్చున్నాడు. వనజ నీళ్లు తెచ్చింది. జరమొచ్చిందని, మూడు రోజులే ఉన్నదని, కరీంనగర్ తీసుకుపోదామనుకునేలోపే అయిపోయిందని చెప్పింది. అతను నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాడు. చేతులకు వేరే పని తెలియక కాగితం తీశాడు.

"నడుం నొప్పి ఎంతుండె బిడ్డా, ఆఖరికి?"

"ఏం లేకుండె. జరమొచ్చి పండుకునే ముందటి దినం గూడ రెండు బిందెల నీళ్లు మోసింది. వద్దంటే ఇంటదా?"

సున్నా చుట్టాడు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ ప్రశ్న అతను గట్టిగా అడగలేదు. వనజే లోపలికి పోయి, ట్రంకు పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో మడిచిన బెల్టు తెచ్చి ఇచ్చింది.

"గిది నీదే కద మామా. ఇంకెవలకన్న పనికొస్తది. కొత్తదే."

"కొత్తదేంది బిడ్డా? రెండేండ్లు కట్టింది కద."

వనజ నేల చూసింది. "నువ్వొచ్చే దినమే కట్టేది. నువ్ ఫోన్ చేయంగనే పెట్టెలకెళ్లి తీసేది. ఉక్కపోస్తదని, పక్కలకు గుచ్చుకుంటదని మల్ల తీసి పెడుతుండె. మరి గా మాట తమ్మికి చెప్పరాదా అంటే, పానం పెట్టి కుట్టిచ్చిండు, మొకం చూసి ఎట్ల చెప్తనే అనేది."

బాలమల్లు బెల్టును అటూ ఇటూ తిప్పాడు. అంటుకునే పట్టీలో ఒక్క దారపు పోగు లేదు, ఒక్క వెంట్రుక లేదు. ఆరు నెలలు కట్టిన బెల్టు ఎలా ఉంటుందో అతనికంటే ఎవరికి తెలుసు? పసుపు, చెమట, కట్టెలపొయ్యి పొగ అన్నీ అస్తరులోకి దిగి అది ఆ మనిషి వాసనే వేస్తుంది. ఇది ఇంకా గుడ్డల దుకాణం వాసన వేస్తోంది. ఇన్నాళ్లూ అబద్ధమని భయపడుతూ రాసిన మాట నాలుగుసార్లూ నిజమే. తన బెల్టు నిలబెట్టిందనుకున్న మనిషి తనంతట తానే నిలబడింది. అతనికి దుఃఖం వచ్చింది. అది ఆమె పోయినందుకో, బెల్టు కోసమో అతను విడదీసి చూసుకోలేకపోయాడు.

"మంచిగ నడిచింది, అంతే చాలు" అన్నాడు లేస్తూ.

ఆసుపత్రి చేరేసరికి నాలుగు దాటింది. డాక్టర్ సృజన ఎక్స్‌రే చూస్తోంది. బాలమల్లు కాగితం ముందు పెట్టి, దాని మీద బెల్టు పెట్టి, జరిగింది మొదటి నుంచి చెప్పాడు. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు.

ఆమె ఎక్స్‌రే కింద పెట్టింది. తర్వాత, "వాడలేదనే రాసినవ్ కదా మల్లన్నా. అదే నిజమైంది. చెప్పకుంటే నాకు తెలుస్తుండెనా?" అంది.

"రాసినప్పుడు అబద్ధమనుకునే రాసిన మేడం."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కమిటీకి రాయాలె. మిగిలిన పేషెంట్ల కాగితాలు ఇక నువ్వు ముట్టొద్దు. రేపు వేరేవాళ్లకు అప్పజెప్త."

"సరే మేడం."

"బెల్టులు కుట్టుడు ఆపమంటలేను."

"లే మేడం. ఇగ చాలు."

మెట్ల కింది గదిలో మిషను మీద గుడ్డ కప్పాడు. మేకుకున్న కొలత టేపు తీసి చుట్టి జేబులో వేసుకున్నాడు, పనిముట్లలో అదొక్కటే అతని సొంతం. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. వాచ్‌మన్ హనుమండ్లు, "ఇయ్యాల జల్ది పోతున్నవే?" అంటే, "పోతున్న" అన్నాడు.

సృజన ఆ సాయంత్రం కాగితం సర్దడానికి బెల్టు పక్కకు జరిపింది. అది తెరుచుకుంది. తెల్లటి అస్తరు నడుమ, వెన్నుపూస ఆనవలసిన చోట, కుట్టేముందు గుర్తుగా గీసిన నీలి సుద్ద గీత ఒక్క చెమట చుక్కైనా తగలక ఇంకా అలాగే ఉంది.