ముల్లా, మొగ్గా

మా మనవడు ముకుందన్ పెళ్ళికి నాటిన కల్యాణ మురుంగ కొమ్మ చిగురించలేదు. వైకాశి నెలలో పెళ్ళయింది, తర్వాతి నెల ఆని కూడా సగం దాటింది. కొమ్మ మాత్రం నాటిన రోజు ఎట్లా ఉందో అట్లాగే, పసుపుగుడ్డ కట్టుకుని మొద్దులా నిలబడి ఉంది.

కల్యాణ మురుంగ అంటే పులుసులో వేసుకునే మునగ కాదు. ఒంటినిండా ముళ్ళు, ఎర్రటి పూలు, మూడేసి ఆకులు. ఆంధ్రా వైపు బాడిత అంటారని విన్నాను. ఇక్కడ పుదుచ్చేరిలో మాలాంటి ఇళ్ళలో ఆ కొమ్మను పెండ్లికాలు అని పెళ్ళిపందిట్లో నిలబెట్టి, తర్వాత కొత్తకోడలి చేత పెరట్లో నాటిస్తారు. అది చిగురిస్తే కాపురం వేరుపట్టినట్టు. చిగురించకపోతే ఏమిటన్నది ఎవరూ నోటితో అనరు. మా ఇంట్లో అనక్కర్లేదు కూడా. ముకుందన్ వాళ్ళన్న మణికంఠన్ పెళ్ళికి నాటింది ఎండిపోయింది. ఆ ఏడు తిరక్కముందే ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వాడు హోసూరులో ఉద్యోగం వెతుక్కుని ఇటు రావడం మానేశాడు. నన్నడిగితే వాళ్ళిద్దరికీ మొదటి నుంచీ మాటే కలవలేదు, పాపం కొమ్మేం చేస్తుంది అంటాను. కానీ నా కోడలు మంగళం ఆ ఎండుకొమ్మను చూసిన కళ్ళతోనే దీన్నీ చూస్తోంది.

కొత్తకోడలు జనని నటేశన్ నగర్ పిల్ల, బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. పొద్దున లేస్తే మొహమైనా కడుక్కోకుండా పెరట్లోకి పోయేది. ఒకరోజు పరుగెత్తుకొచ్చి నన్ను చెయ్యిపట్టి లాక్కుపోయింది. కొమ్మమీద బొడిపె లేచింది. తడిమి చూశాను. ముల్లు.

మొగ్గ ఎక్కడంటే అక్కడ రాదమ్మా అని ఆ పిల్లకు చూపించాను. పాత ఆకు రాలిన చోట చంటిపిల్ల గోరంత మచ్చ ఉంటుంది. ఆ మచ్చ నెత్తినే మొగ్గ, బెరడు కప్పుకుని పడుకుని ఉంటుంది. చెట్టుమీద ఉన్నన్నాళ్ళూ కొసన ఉన్న మొగ్గ దీన్ని లేవనివ్వదు, అత్త ఎదుట కోడలి గొంతు లేవనట్టు. కొస నరికేస్తేనే దీనికి పొద్దు పొడుస్తుంది. నా మాటకు జనని నవ్వింది గానీ, అప్పటినుంచి ఆ మచ్చలను ఒక్కొక్కటే తడుముతూ నిలబడడం మొదలుపెట్టింది. అనవసరంగా చెప్పానే అనుకున్నాను.

ఒక ఆదివారం మా అబ్బాయి ధనపాల్ తేంగాయితిట్టు రేవు నుంచి చేపలు తెచ్చాడు. మంగళం వాటిని కత్తిపీట ముందు పెట్టుకుని, తల ఎత్తకుండానే అంది.

"ఆడి నెలకు ఎట్లా అయినా పుట్టింటికి పంపేదే గదా అత్తా. పొయ్యి ఉండనీ. చిగురొస్తే పిలుచుకుందాం."

"రాకపోతే?" అన్నాను.

మంగళం ఇంకో చేప అందుకుంది. ఆడి అంటే ఆషాఢం, కొత్తకోడలు అత్తింట ఉండకూడని నెల. ఒక్క నెల కోసం పోయిన మణికంఠన్ పెళ్ళామే తిరిగి రాలేదు. జనని తలుపు పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. విన్నది. ఆ పూట చేపముక్క ముట్టలేదు, తర్వాత కూడా అన్నం కెలికి లేచిపోయేది. ఆ పిల్ల ఉండడమా పోవడమా అన్నది ఒక కట్టెముక్క చేతిలో పెట్టేశామే అనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే చీపురుకు ఈనెలు తీస్తూ పెరట్లో కూర్చున్నాను. జనని వచ్చి చెంబెడు నీళ్ళు కొమ్మకు పోసి వెళ్ళింది. కాసేపటికి ధనపాల్ పైపు పట్టుకొచ్చి తడిపాడు. ముకుందన్ హార్బరులో ఐసు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే సీసాలో మిగిలిన నీళ్ళు వంచాడు. మంగళం బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి, అటూ ఇటూ చూసి, కుమ్మరించింది. వాళ్ళెవరూ లేవకముందే నేనొక చెంబు పోసి ఉన్నాను. ఇట్లా ఎన్నాళ్ళనుంచో!

దగ్గరికి పోయి చూస్తే కొమ్మ మొదలు చుట్టూ అంతా బురద. మురుగుకాలువ వాసన. కొమ్మను పట్టుకుంటే పంటి చిగుళ్ళలో ఊగే పన్నులా ఊగింది.

అందరినీ పిలిచి, పీకి చూడాలి అన్నాను. మంగళం అడ్డం వచ్చింది.

"పెండ్లికాలు పీకేదా? ఏంది అత్తా మీరు అనేది? యాడన్నా ఉందా?"

యాడా లేదు. నాకు తెలిసి ఎవరూ పీకలేదు. ధనపాల్ నేల చూశాడు. ముకుందన్ తల్లిని చూశాడు. జనని చీర దోపుకుని ముందుకొచ్చింది.

"ఎండిపోతే నేను పీకినందుకే ఎండిందని చెప్పుకోండత్తా. నీళ్ళు మాత్రం అందరమూ పోసినాము."

రెండు చేతులా పట్టి లాగేసింది. అడుగు నల్లగా, మెత్తగా, కుళ్ళిన అరటిపండులా ఉంది. చాకు తెప్పించి బెరడు గీరాను. గోధుమరంగు. ఇంకొంచెం పైన గీరాను, అదే రంగు. ఇంకా పైన, పసుపుగుడ్డ కిందుగా గీరితే, పచ్చన. ఆ పచ్చదనం మీద తడి కూడా మెరిసింది.

కుళ్ళినంత మేరా కోయించాను. కోసిన పుండు ఆరాలని నీడన వసారాలో చాపమీద పడుకోబెట్టాము. మంగళం అటు పోలేకపోయింది. చాపమీద పీనుగులా ఉంది అనేసి, అన్నందుకు తానే నోరు మూసుకుంది. పుండు ఆరాక ఇసుక కలిపిన మట్టిలో మళ్ళీ జనని చేతనే నాటించి, ఎవరూ నీళ్ళు పోయకూడదన్నాను. పోయడం కన్నా పోయకుండా ఉండడమే అందరికీ కష్టమైంది. మంగళం బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని గడపదాకా వచ్చి, వెనక్కి పోయేది.

ఆడి రాబోతోందనగా జనని అమ్మానాన్నలు పూలూ పండ్లూ తట్టల్లో పెట్టుకుని వచ్చారు. బయలుదేరే వేళకు పిల్ల చెప్పులు తొడుక్కుంది, మళ్ళీ విప్పి పెరట్లోకి పోయింది. వెనకే మంగళం, కర్ర ఊతంతో నేను.

ఒక మచ్చ నెత్తిన బొడిపె ఉంది. నిన్న లేదు. ఉన్నా చూసి ఉండము.

మంగళం గోటితో తాకబోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను. ముల్లు గిల్లితే ఊడిపోతుంది, మొగ్గ గిల్లితే చచ్చిపోతుంది.

"ముల్లా అవ్వా, మొగ్గా?" అంది జనని.

నా కళ్ళకు శుక్లాలు. మచ్చ మీదే ఉందా, పక్కన ఉందా అన్నది తేలలేదు. తెలీదు తల్లీ అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

మంగళం నా చేతిలోంచి మణికట్టు విడిపించుకుంది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది.

"ముల్లైనా సరే పో. ఆడి పోతానే నేనే వస్తా, ఆటో తీసుకొని. మీ అమ్మకు చెప్పు."

జనని పైటకొంగుతో ముక్కు తుడుచుకుని వెళ్ళి ఆటో ఎక్కింది.

ఆ బొడిపె తర్వాత కొస మెత్తబడి, పిల్లిపిల్ల చెవిలా నూగు పట్టింది. ఒక పొద్దున పొర విడిపోయి, ముడుచుకున్న మూడు ఆకులు ఒకదాన్నొకటి కరుచుకుని బయటికొచ్చాయి. ముకుందన్ ఫోటో తీయబోతే మంగళం చెయ్యి అడ్డం పెట్టింది.

"పంపొద్దురా. చిగురొచ్చిందని పిలిచినట్టు అయిపోతుంది."

పక్కింటి కన్నియమ్మాళ్ మేక గోడదూకి వస్తుందని, కొమ్మమీద గంప బోర్లించి, దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంటోంది మంగళం ఇప్పుడు. మొదటి చిగురు కొమ్మలో దాచుకున్న సత్తువతోనే వస్తుంది. కింద వేరు దిగకపోతే అదీ వాడిపోతుంది. రెండో మచ్చ మీద మొగ్గ లేచేదాకా ఏమీ చెప్పలేము. ఆ సంగతి నేను మంగళానికి చెప్పలేదు. తను ఇంటిలోపలికి పోయినప్పుడల్లా గంప ఎత్తి, రెండో మచ్చ వైపు చూసి, మళ్ళీ బోర్లిస్తున్నాను.