స్లాబు నాటి దావత్

స్లాబు పోసిన రోజు మేస్త్రీలకు, కూలీలకు యాటను కోసి మాంసం కూరతో దావత్ ఇవ్వడం మా ఆనవాయితీ. ఇచ్చేది ఇంటి యజమాని. వండేది ఎవరో ఎవరూ చెప్పుకోరు. పొద్దున్నుంచి కడుతున్న బిల్డింగు వెనక కట్టెల పొయ్యి ముందు ఉల్లిగడ్డలు కోసి, మసాలా నూరి, గిన్నెలు ఎత్తి దించి నా నడుము పడిపోయింది. ముందువైపు కాంక్రీటు కలిపే మిల్లరు హోరులో ఏ మాటా వినపడటం లేదు. మా అత్త కనకమ్మ మాట తప్ప. "ఉప్పు జర చూసెయ్యి. నీ లెక్క చప్పగుంటే ఎవడు తింటడు?" అని తన మాటకు తానే నవ్వుకుంది.

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల బిల్డింగు లేవడం మొదలై, మా ఊరి భూముల ధరలు పెరిగిన దగ్గర్నుంచి మా ఆయన రవీందర్‌కు నిద్ర లేదు. రోడ్డుకు లోపలగా ఉన్న తన పొలంలో అపార్ట్‌మెంటు మొదలుపెట్టాడు. దానికీ మెయిన్ రోడ్డుకూ మధ్య ఉన్నది నా జాగ. మా అమ్మ లచ్చమ్మ పసుపు కుంకుమ కింద నా పేరున ఇచ్చిన చిన్న ముక్క. అందులో నా ఎస్టీడీ బూత్. రవీందర్ భార్య అనకుండా నన్ను శ్రీలతక్కా అని పిలిచే చోటు ఈ ఊళ్లో అదొక్కటే.

ప్లాను గీయించినప్పుడు నా బూత్ ఉన్న చోట కార్లు పోవడానికి బాణం గుర్తు వేయించాడు. ఇవ్వనన్నాను. "పసుపు కుంకుమ నీకిచ్చిన్రా? నిన్ను చేసుకున్నందుకు నాకిచ్చిన్రు" అన్నాడు. "ఆడిదానికి రోడ్డు మీద జాగెందుకు, ఎవర్ని చూసెటందుకు?" అంది అత్త. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నా చేతి అన్నం ముట్టలేదు. బట్టలు మాత్రం నేనే ఉతికాను. ఒకనాడు మెత్తగా వచ్చి, అపార్ట్‌మెంటుకు శ్రీలత రెసిడెన్సీ అని పేరు పెట్టానన్నాడు. "ఇంకేం గావాలె నీకు?" మళ్లీ ఇవ్వనన్నాను. "సరే తీ, తొవ్వ వెనకనుంచి తీస్త" అన్నాడు. నమ్మాను. ఆ సంబరంలోనే ఈ వంటకు నేనే ముందుకొచ్చాను. సిగ్గులేని మనసు.

మధ్యాహ్నం విస్తళ్లు వేసి వడ్డించాను. మేస్త్రీ ఓదెలు తలెత్తలేదు. ఇంకో ముక్క వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా. మేమేం జేస్తం, సారు జెప్పిండు" అంటూ రోడ్డు వైపు చూశాడు.

గరిటె గిన్నెలో పడేసి ముందుకు పరుగెత్తాను. బూత్ లేదు. ఫోను, దాని తీగలు ఇసుక కుప్ప మీద పడున్నాయి. రోడ్డు నుంచి అపార్ట్‌మెంటు దాకా తడి కాంక్రీటు నున్నగా మెరుస్తోంది. నేను పొద్దున్నుంచి వండింది దీన్ని పోసినవాళ్ల కోసమే.

"స్లాబుకు కలిపిన మాల్ మిగిలింది. ఊకె వేస్టయితదని పోయించిన" అన్నాడు రవీందర్, నా ముఖమైనా చూడకుండా. "రేపటి సంది రోజు నీళ్లు కొట్టు. లేకుంటే పగుల్తది."

అప్పుడే రోడ్డు మీద మారుతీ కారు ఆగింది. ఫ్లాటు కొన్న సుబ్రహ్మణ్యం గారు, ఆయన భార్య జ్యోత్స్న దావత్‌కు వచ్చారు.

"దారి బ్రహ్మాండంగా వేయించారండీ" అన్నాడాయన.

"అంతా మా శ్రీలత దయ సార్" అన్నాడు మా ఆయన. కూలీలు కూడా నవ్వారు. జ్యోత్స్న నాకు దండం పెట్టింది. కొత్తింటి సంతోషంతో ఆమె ముఖం వెలిగిపోతోంది. ఒక్క క్షణం ఆమె మీద జాలేసింది. నా మీద ఎవరికైనా వేసిందా అనుకున్నాను.

చెప్పులతోనే కాంక్రీటులోకి దిగాను. కాళ్లు చీలమండల దాకా కూరుకుపోయాయి.

"ఏయ్, ఖరాబైతది, బయటికి రా!" అని రవీందర్ అరిచాడు. నేను నడిమధ్య దాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి తిరిగాను.

"సారూ, మీరు కొన్న ఇంటికి తొవ్వ లేదు. ఈ జాగ నాది. నేనియ్యలే, ఇయ్య కూడా."