బర్మావాళ్ళు ఖాళీ చేసిన బజారు

విజయనగరంలో బట్టల కొట్టున్న ఉమాపతిగారికి ఊరి మీద బెంగ ఎక్కువ. రంగూను నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ళు తన కొట్టెదుట బడ్డీలు వేసుకున్నప్పటి నుంచి ఆ బెంగతో ఆయనకు అన్నం సయించడం లేదు. రెండోసారి వడ్డించుకుంటే గాని ముద్ద దిగడం లేదు.

"ఈ బర్మావోళ్ళొచ్చి మన నోటికాడ కూడు లాక్కుంటన్నారు," అనేవారు, ఎదుటి బడ్డీలో మిషను కుడుతున్న కూర్మమ్మకు వినబడేలా.

కూర్మమ్మ తలెత్తేది కాదు. మొగుణ్ణి రంగూన్లోనే మట్టికిచ్చి వచ్చిన మనిషి. సర్కారిచ్చిన ఆ కుట్టుమిషనే ఆమె ఆస్తి. పొద్దున ఇచ్చిన జాకెట్టు సాయంత్రానికి కుట్టేస్తుందని పల్లెల ఆడవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. బట్ట మాత్రం ఉమాపతిగారి కొట్లో కొనేవారు. అదంతా తన మంచితనం చలవే అనుకున్నారాయన.

ఊరిని కాపాడాలిగా మరి! వర్తకుల చేత సంతకాలు పెట్టించి, ఆ బడ్డీలు తీయించమని పైవాళ్ళకు అర్జీ పెట్టారు. తొలి సంతకం పక్కకొట్టు గంగరాజుది. వారం తిరక్కుండా బడ్డీలు లేచిపోయాయి. ఉమాపతిగారు మిఠాయి పంచారు.

రోడ్డు విశాలమైంది. ఈ చివర నుంచి ఆ చివరదాకా చూపు సాగేది. మధ్యలో అడ్డొచ్చే బేరగాడు ఒక్కడూ లేడు.

"ఆడోళ్ళంతా ఏటైపోనారురా?" అని గుమాస్తా జగన్నాధాన్ని అడిగారు.

"నెల్లిమర్ల ఎల్తన్నారు బాబూ. కూర్మమ్మ ఇప్పుడు జూటుమిల్లు కాడ కుడతన్నాది. గంగరాజుగారు ఆ పక్కనే బట్టల కొట్టు ఎట్టీసినారు."

మర్నాడే ఉమాపతిగారు నెల్లిమర్ల బస్సెక్కారు. కూర్మమ్మకిప్పుడు నాలుగు మిషన్లు. ముగ్గురు ఊరి ఆడపిల్లలు ఆమె దగ్గర కుడుతున్నారు. ఊరివాళ్ళ నోటికాడ కూడు లాక్కునే పద్ధతి అదీ.

"ఊరి బాగు కోసం సెప్తన్నాను. మళ్ళీ మా బజారుకి వచ్చీమ్మా," అన్నారాయన.

కూర్మమ్మ దారం తెంపి, ముక్కాలిపీట ఆయన వైపు జరిపింది. "రంగూన్లో ఓపాలి లెగ్గొట్టినారు, మీ ఊర్లో ఓపాలి. ఇంక లెగిసే ఓపిక నేదు బాబూ. మీరే ఇక్కడికి రండి. పక్కన జాగా ఉన్నాది. మావోళ్ళు ఏటీ అనకుండా నాను సెప్తాను."

తిట్టినా బాగుండేది. ఆయనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్ళు మాత్రం జాగా కొలిచేశాయి.

ఇంటికొచ్చి, నెల్లిమర్ల పాపం బాగా వెనకబడిందనీ, దాన్ని ఉద్ధరించడానికి అక్కడ కొట్టు పెట్టక తప్పదనీ భార్య అప్పలనరసమ్మతో గంభీరంగా చెప్పారు.

"పెట్టండి," అందామె. "ఎల్లినప్పుడు నా జాకెట్టు బట్టలు రెండు కూర్మమ్మకిచ్చీండి. ఆమె ఎల్లిపోయిన కాణ్ణుంచి కుట్టే దిక్కు లేదు."